ముక్కు మేస్త్రి చివరి మాట

తమ్ముడు గుంటలోకి దిగుతానన్నప్పటినుంచీ గేటక్కకి కాలూ చెయ్యీ ఆడటం లేదు. పైకి మాత్రం ఏమీ ఎరగనట్టు గేటు చక్రానికి గ్రీజు పూస్తూ కూచుంది. పూసిన చోటే మళ్ళీ పూస్తోంది. ఆ చక్రానికి నోరుంటే ఇక చాలు తల్లీ అని దండం పెట్టేది.

ఆవిడకి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గానీ, అది జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా వినపడదు. ఊళ్ళోకి చొచ్చుకొచ్చిన సముద్రాన్ని మ్యాపుల్లో అఖాతం అంటారు, ఒడ్డునున్నవాళ్ళు లోసముద్రం అంటారు. దాని మూతి దగ్గర ఎప్పుడో అడ్డంగా గోడ కట్టి ఇనప గేటు పెట్టారు. పోటు వస్తుంటే గేటు ఎత్తాలి, నీళ్ళు నిండాక దించాలి. ఆ పని ఒకప్పుడు వాళ్ళ నాన్నది, ఇప్పుడు ఆవిడది. అందుకని ఆవిడ ఊరందరికీ గేటక్క.

గేటు గది పెద్దదేమీ కాదు. ఒక చక్రం, ఒక ఫోను, నీళ్ళవైపు ఒక కిటికీ, నీళ్ళతో వచ్చే చెత్తని ఆపే జల్లెడని పైకెత్తడానికి చేత్తో తిప్పే కప్పీ. గది నేల మధ్యలో ఇనప మూత. మూత కింద బావిలా లోతైన గుంట, దాని గోడకి ఇనప మెట్లు. గేటు దిగినప్పుడు దాని అంచు కూచోవలసిన గాడి ఆ గుంట అడుగున ఉంది. గాడిలో బురద గట్టిపడిపోయి గేటు చాలా ఏళ్ళుగా పూర్తిగా మూసుకోవడం లేదు. మూసుకోకపోయినా ఇన్నాళ్ళూ ఎవరికీ పట్టలేదు.

ఇప్పుడు పట్టింది. లోసముద్రం ఒడ్డున కొత్తగా నడక బాట వేశారు. రంగు దీపాలు పెట్టారు, కూచోడానికి బల్లలు పెట్టారు, పూల కుండీలు పెట్టారు. ఎల్లుండి పెద్దవాళ్ళొచ్చి రిబ్బను కత్తిరిస్తారు. "దుర్వాసన లేని అఖాతం, మన అఖాతం" అని బారెడు బ్యానరు కూడా కట్టారు. గేటు మూసుకోకపోతే నీళ్ళు జారిపోయి నల్ల బురద బయటపడుతుంది. పెద్దవాళ్ళు ఆ బ్యానరు కిందే నిలబడి ముక్కు మూసుకుంటే ఎవరి ఉద్యోగం ఊడుతుందో సూపర్వైజరుకి బాగా తెలుసు.

"ఈ ఒక్కపూట గట్టెక్కించు గేటక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా," అన్నాడు ఫోన్లో. ఫోన్లో ఎవరి కాళ్ళయినా పట్టుకోవచ్చు, నడుం వంచక్కర్లేదు.

గుంటకి రెండు పక్కలా పలకలు దించారు. పంపు పెట్టి నీళ్ళు తోడేశారు. ఇక బురద తియ్యడానికి మనిషి దిగాలి. దిగే మనిషి గేటక్క తమ్ముడు. కాలవలూ గుంటలూ బాగుచెయ్యడమే వాడి పని. చిన్న మేస్త్రి అంటారు వాణ్ణి. ఎందుకంటే వాళ్ళ నాన్న ముక్కు మేస్త్రి.

ముక్కు మేస్త్రి సంగతి చెప్పాలంటే ముందు లోసముద్రం సంగతి చెప్పాలి. అది పుట్టుకతోనే కంపుది కాదు. గేటక్క నాయనమ్మ చిన్నప్పుడు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి కాలి వేళ్ళతో గవ్వలు ఏరేదట. కాలి వేళ్ళు కనపడేవి అని చెప్తే మనవలు నమ్మక పకపకా నవ్వేవాళ్ళు. తర్వాత ఒడ్డున తోళ్ళ కార్ఖానా వచ్చింది. తోలుమీద వెంట్రుకలు ఊడదీసే మందూ, ఆ ఊడిన వెంట్రుకలూ అన్నీ నీళ్ళలోకే. ఆ పక్కన రంగుల కార్ఖానా వచ్చింది. పొద్దున లేచి నీళ్ళు చూస్తే ఆ రోజు ఏ రంగు అద్దుతున్నారో తెలిసిపోయేది. ఎరుపు, నీలం, ఒక్కోరోజు పసుపు. పిల్లలు పందేలు కాసేవాళ్ళు. పెద్దవాళ్ళు చోద్యం చూసేవాళ్ళు. ఎవరికీ భయం వెయ్యలేదు, అదే ఇప్పుడు తలుచుకుంటే భయం వేస్తుంది. ఆ తర్వాత ఇనపసామానుకి మెరుపు పూత పూసేవాళ్ళొచ్చారు, చేపలు వెల్లకిలా తేలడం మొదలుపెట్టాయి. ఊరి మురికి కాలవలన్నీ అటే తిప్పారు. అందరూ తలో చెయ్యీ వేశారు. కొన్నాళ్ళకి కార్ఖానాలు మూతపడ్డాయి, యజమానులు సామాను సర్దుకుని చల్లగా వెళ్ళిపోయారు. బురద ఎక్కడికి పోతుంది? పొర మీద పొర వేసుకుని ఇక్కడే పడుంది.

ఒడ్డున పుట్టినవాళ్ళకి లోసముద్రం వాసన తెలీదు. బయటివాళ్ళు బస్సు దిగుతూనే ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుంటే, వీళ్ళు "ఏం వాసన?" అని అమాయకంగా అడుగుతారు. నటన కాదు, నిజంగానే తెలీదు. అలాంటి ఊళ్ళో గేటక్క నాన్న ఒక్కడే బురదని వాసన చూసి లోపల మనిషి నిలబడగలడో లేదో చెప్పేవాడు. బక్కెట కిందికి వదిలి, పైకి లాగి, కళ్ళు మూసుకుని దాంట్లో ముక్కు పెట్టేవాడు. వాసన ఉంటే ఆగు, వాసన పోతే దిగు. ఆయన పెట్టిన ఆ పద్ధతే ఒడ్డునున్న పనివాళ్ళందరికీ చట్టమైపోయింది. ఆ మధ్య ఆఫీసువాళ్ళు గాలి కొలిచే మిషను ఒకటి పంపారు. దాన్ని గేటు గదిలో మేకుకి తగిలించారు. బ్యాటరీ అయిపోయి ఎన్నాళ్ళయిందో అది కూడా చెప్పలేదు.

ఆ ముక్కు మేస్త్రే ఈ గుంటలో పోయాడు. గేటక్క అప్పుడు బళ్ళో ఉంది, తమ్ముడు చంకలో ఉన్నాడు. భోజనం క్యారియరు తీసుకొచ్చిన అమ్మ ఈ గదిలోనే ఉంది. నాన్న దిగాడు, తర్వాత బాబాయి దిగాడు, ఇద్దరూ శవాలై పైకొచ్చారు. నాన్నకి గుండె ఆగిందన్నారు, ఆయన్ని లేవదియ్యబోయి బాబాయి బురదలో ఊపిరాడక పోయాడన్నారు. గాలి మీద ఎవరికీ అనుమానం రాలేదు. ఎలా వస్తుంది? గాలి బాగుందని మేస్త్రే స్వయంగా లోపలినుంచి కేకేసి చెప్పాడు కదా.

"వాసన పోయింది, వచ్చెయ్యండి అన్నారే మీ నాన్న," అని అమ్మ ఇప్పటికీ చెప్తుంది. "నవ్వుతూ అన్నారు. ఏ బాధా పడలేదు. ఆఖరి మాట మంచి మాటే అయింది." ఆ మాట చెప్పినప్పుడల్లా ఆవిడ మొహం కొంచెం తేటపడుతుంది. ముసలిప్రాణానికి అదొక్కటే ఊరట. కొత్తగా పనిలో చేరినవాళ్ళు కూడా ఆవిడ దగ్గరికొచ్చి ఆ మాట విని, ధైర్యం తెచ్చుకుని వెళ్తుంటారు.

ఆ తర్వాత గుంటకి మూత వేసేశారు. అడుగు బురద జోలికి ఇన్నాళ్ళూ ఎవరూ పోలేదు. ఇప్పుడు ఆ బురదలోకే తమ్ముడు దిగుతున్నాడు. గేటక్క చేత్తో గ్రీజు పూస్తోంది గానీ చూపు మూత మీదే ఉంది.

"అక్కా, ఆ చక్రాన్ని వదులు. జారిపడేలా ఉంది," అన్నాడు తమ్ముడు, చొక్కా విప్పుతూ.

"రేపటిదాకా ఆగరా. నీ జతగాడికి జ్వరం తగ్గనీ."

"రేపటికి సూపర్వైజరుకి జ్వరం వస్తుంది. నిన్నటినుంచీ మూత తీసే ఉంచానుగా. బక్కెట వాసన చూశాను, కొంచెం ఉంది, మరీ ఎక్కువేం లేదు. తాడు పట్టడానికి మీరిద్దరూ లేరూ?"

రెండో మనిషి వాడి పెళ్ళాం. పెళ్ళయి వచ్చి ఇంకా ఏడాది తిరగలేదు. సముద్రమంటే ఏంటో తెలియని మెట్ట ఊరినుంచి వచ్చింది. వచ్చిన రోజునుంచీ ఆ పిల్ల ముక్కు మీదినుంచి కొంగు తియ్యలేదు. ఇంట్లో అందరూ వాసనల రాణి అని ఏడిపిస్తారు. దాని వేలికి వెండి ఉంగరం, పుట్టింటివాళ్ళు పెట్టింది. ఈ ఒడ్డున వెండి పెట్టుకునేవాళ్ళే లేరు, కంపుకి నల్లబడిపోతుంది. అయినా ఈ పిల్ల మొండిది. వారం వారం పళ్ళపొడి వేసి తళతళలాడేలా తోముతుంది. వారం తిరక్కుండా మళ్ళీ మసి పడుతుంది. ఈ రోజు కూడా తోమి వచ్చింది. క్యారియరు బల్లమీద పెట్టి, గుంట దగ్గరికి రాగానే మొహం చిట్లించింది.

"అమ్మో! కుళ్ళిన గుడ్డు వాసన. కడుపులో తిప్పేస్తోంది వదినా."

"నీకు పాలు కూడా కుళ్ళిన గుడ్డు వాసనే," అన్నాడు మొగుడు. చంకల కింద తాడు కట్టుకుని రెండో కొసని కప్పీ పక్కనున్న ఇనప కడ్డీకి ముడేశాడు. అక్క వచ్చి ఆ ముడిని మళ్ళీ బిగించింది. "ఏంటక్కా, నా ముడి మీద కూడా నమ్మకం లేదా?"

"నువ్వు చిన్నప్పుడు నిక్కరు బొందు కూడా కట్టుకోలేకపోయేవాడివి. దిగు, దిగి తొందరగా రా."

ఆ మాటలో హాస్యం ఉంది గానీ నవ్వు రాలేదు. వాడి తల మూత అంచు దాటి కిందికి పోయింది. గేటక్క గుండె కూడా మెట్టు మెట్టుకీ దిగిపోయింది.

మొదట అంతా బాగానే ఉంది. పార తగిలిన చప్పుడు, బక్కెట నిండిన చప్పుడు, "లాగు" అన్న కేక. ఆడవాళ్ళిద్దరూ బక్కెట లాగి కిటికీ బయట తొట్టిలో పోస్తున్నారు. పై పొరంతా ప్లాస్టిక్కు సంచులు. వాటి కింద నూనె జిడ్డు కలిసిన నల్ల బురద. తర్వాత వచ్చిన బక్కెట చూసి గేటక్క అలాగే నిలబడిపోయింది. బురదలో ఎర్రటి చార, దాని పక్కన నీలం చార. రంగుల కార్ఖానా. తను పందేలు కాసిన రోజులు. మూతపడి ఇన్నేళ్ళయినా రంగు వెలిసిపోలేదు.

"అక్కా, చూశావా? నీ చిన్నతనం తవ్వుతున్నా," అని అరిచాడు కిందినుంచి.

"నోరు మూసుకుని తవ్వు."

ఆ తర్వాతి బక్కెటలో వెంట్రుకలు వచ్చాయి. తోళ్ళ కార్ఖానావి. జడలు జడలుగా, నల్లగా, జిగటగా, నిన్న ఊడినట్టే ఉన్నాయి. మరదలు బక్కెట వదిలేసి గోడ దగ్గరికి పరిగెత్తి వాంతి చేసుకుంది. ఇదే పొర. నాన్న తవ్వుతూ వదిలేసిన పొర ఇదే. ఇక చాలు, వాణ్ణి పైకి పిలుద్దాం అనుకుని గుంటవైపు నడిచింది. అంతలో కిందినుంచి వింతగా ఒక కేక వచ్చింది.

"అక్కా! నాన్న పార! నాన్న పారక్కా! నిలువునా దిగబడిపోయి ఉంది. పిడి మీద ఆయన చెక్కుకున్న గుర్తు కూడా ఉంది!"

గేటక్క గుంట అంచు దగ్గరికొచ్చి వంగింది. నాన్న చేతిలోంచి జారిన పార. అమ్మకి చూపిస్తే ఏమంటుందో.

"గట్టిగా పట్టేసింది. ఆగు, లాగుతా," అంటున్నాడు తమ్ముడు. మూలుగు వినపడింది. తర్వాత బురద నోరు తెరిచినట్టు గుబుక్కుమని ఒక చప్పుడు. దాని వెనకే బుడబుడమంటూ చాలాసేపు.

మరదలు కొంగు రెండు మడతలు వేసి ముక్కుకి అదుముకుంది. "వదినా, ఇదేం కంపు! తల పగిలిపోతోంది." గేటక్కకి కూడా తెలిసింది. పుట్టి బుద్ధెరిగిన తర్వాత మొదటిసారి లోసముద్రం వాసన ఆవిడ ముక్కుకి తగిలింది. వెంటనే గుంటలోకి అరిచింది. "ఒరేయ్, పార లేదు ఏం లేదు, పైకి రా!"

"వస్తున్నా, వస్తున్నా. వచ్చేసింది పార."

మెట్ల మీద కాళ్ళ చప్పుడు వస్తుందేమోనని గేటక్క కాసేపు చూసింది. మరదలు నెమ్మదిగా కొంగు తీసింది. ఆశ్చర్యంగా అటూ ఇటూ చూసింది.

"పోయింది వదినా. వాసన పోయింది."

గేటక్క గట్టిగా పీల్చి చూసింది. నిజమే. ఏ వాసనా లేదు. ఇంటి దొడ్లో నిలబడ్డట్టుంది. అమ్మయ్య అనుకుంది. బిగబట్టిన ఒళ్ళు ఒక్కసారి వదులైంది. అప్పుడు కిందినుంచి తమ్ముడి గొంతు నవ్వుతూ వచ్చింది.

"అక్కా, వాసన పోయింది! ఇంక భయం లేదు. దాన్ని కూడా దిగమను, నాన్న పని చేసిన చోటు చూస్తుంది."

మరదలికి నవ్వొచ్చింది. వాంతి చేసుకున్న మూతి తుడుచుకోవడానికి చెయ్యెత్తింది. ఎత్తి, కళ్ళు నులుముకుంది. "కళ్ళు మాత్రం మంటగానే ఉన్నాయి," అంది.

గేటక్క ఆ చేతిని చూసింది. పొద్దున తళతళలాడుతూ వచ్చిన ఉంగరం బొగ్గులా నల్లబడి ఉంది.

వారం పట్టేది. ఇప్పుడు కాసేపట్లోనే. కంపు వెండిని తినేస్తుందని ఈ ఒడ్డున పసిపిల్లకి కూడా తెలుసు. ఉంగరం నల్లబడిందంటే కంపు ఇక్కడే ఉంది, గది నిండా ఉంది. మరి ముక్కుకెందుకు తెలియడం లేదు? వాసన పోలేదు. ముక్కు పోయింది. అందరికంటే పదునైన మరదలి ముక్కు కూడా పోయింది.

ఆ వెనకే నాన్న గొంతు వినపడింది. వాసన పోయింది, వచ్చెయ్యండి. నవ్వుతూ అన్నారే, ఏ బాధా పడలేదు. అది గాలి బాగుందని చెప్పిన మాట కాదు. చావు ముంచుకొచ్చిన మనిషి అనే మాట.

"ఒరేయ్! పైకి రా! ఇప్పుడే! పార వదిలెయ్!"

"ఎందుకక్కా కంగారు, వాసన పోయిందంటే..."

మాట పూర్తి కాలేదు. పార దేనికో తగిలి ఖంగుమంది. తాడు ఒక్కసారి బిగుసుకుని, తర్వాత ఊగడం మానేసింది.

"ఏమండీ!" అని మరదలు మెట్లవైపు దూకింది. ఒక కాలు లోపల పెట్టేసింది కూడా. గేటక్క దాని జడ చేతికి చుట్టుకుని వెనక్కి ఈడ్చింది. పిల్ల గింజుకుంది, గోళ్ళతో రక్కింది, వదలమని తిట్టింది. గేటక్క దాని చెంప ఛెళ్ళుమనిపించింది.

"నువ్వు దిగితే ఇద్దరూ పోతారు! మా బాబాయి అలాగే పోయాడు! వాడు కావాలంటే ఆ కప్పీ తిప్పు!"

తిట్టూ దెబ్బా అర్థమయ్యాయో లేదో, పిల్ల ఏడుస్తూనే కప్పీ పిడి పట్టుకుంది. గేటక్క వెళ్ళి తలుపులు బార్లా తెరిచింది. ఊపిరి బిగబట్టి వచ్చి తాడుని కప్పీ కొక్కేనికి తగిలించింది. మొదటిసారి తప్పింది. కడ్డీకున్న ముడి విప్పుదామంటే తనే బిగించిన ముడి రాలేదు. కత్తి కోసం గది అంతా చూసి, క్యారియరు పక్కనున్న కూరగాయల కత్తితో కోసింది. "తిప్పు!"

జల్లెడని ఎత్తే కప్పీ అది. నెమ్మదిగా తిరుగుతుంది. మనిషి ప్రాణం పోతోంది కదా అని దానికి తొందర ఉండదు. కిర్రు కిర్రుమంటూ తాడు చుట్టుకుంటోంది. కింద చీకట్లో తమ్ముడి తల వేలాడుతూ కనపడింది. తర్వాత భుజాలు. ఉన్నట్టుండి తాడు బిగిసి ఆగిపోయింది. వాడి భుజం ఇనప మెట్టు కింద ఇరుక్కుంది.

"ఆపు! కొంచెం వదులు!"

"మళ్ళీ కిందికా? వదినా, మళ్ళీ ఆ బురదలోకా?"

"వదులు అంటుంటే!"

వాణ్ణి మళ్ళీ ఆ గాలిలోకే దించాలి. గేటక్క జీవితంలో చేసినవాటిలో దానికంటే కష్టమైన పని లేదు. తాడు సడలింది, తల మళ్ళీ చీకట్లోకి పోయింది. గేటక్క చెత్త లాగే కొక్కెం కర్ర తీసుకుని, నేలమీద బోర్లా పడుకుని, మొహం పక్కకి తిప్పుకుని చెయ్యి మాత్రం లోపలికి పెట్టింది. కర్రతో వాడి భుజాన్ని గోడకి దూరంగా నెట్టింది. రొమ్ము పగిలిపోతోంది ఊపిరి కోసం. పీల్చలేదు. "తిప్పు" అనడానికి కూడా ఊపిరి లేక కాలితో నేలని తన్నింది. మరదలు తిప్పింది. భుజం మెట్టు దాటింది.

ఇద్దరూ వాణ్ణి చంకలు పట్టుకుని బయట గాలిలోకి ఈడ్చి పడేశారు. పెదాలు నీలంగా ఉన్నాయి. గురక పెట్టినట్టు ఊపిరి తీస్తున్నాడు, తీసి ఆపేస్తున్నాడు, మళ్ళీ తీస్తున్నాడు. ఆపినప్పుడల్లా ఆడవాళ్ళిద్దరూ కూడా ఆపేశారు. అంబులెన్సు వచ్చేదాకా అదే పని. అది వచ్చాక గేటక్క ఊపిరి బిగబట్టి లోపలికెళ్ళి, గుంట మూత దించి తాళం వేసుకొచ్చింది. వాడి పిడికిలి విప్పి చూస్తే లోపల పార పిడి విరిగిన ముక్క ఉంది.

ఆసుపత్రి వరండాలో గేటక్క బల్లమీద కూచుంది. వాడికి మూతికి ఆక్సిజన్ పెట్టారు. ప్రాణం సంగతి ఇప్పుడే ఏమీ చెప్పలేం, సాయంత్రం దాకా చూడాలి అన్నాడు డాక్టరు. మరదలు తలుపుకి నుదురు ఆనించి నిలబడింది, దెబ్బ తిన్న చెంప ఇంకా ఎర్రగానే ఉంది.

అమ్మ వచ్చింది. ఎవరో బండిలో ఎక్కించుకొచ్చారు. కర్ర పోటేసుకుంటూ వచ్చి కూతురి పక్కన కూచుంది.

"ఏం జరిగిందే?"

"కాలు జారిందమ్మా," అంది గేటక్క. ఆ అబద్ధాన్ని దారిలోనే సిద్ధం చేసి పెట్టుకుంది. నాన్న చివరి మాటని అమ్మ దగ్గరినుంచి లాక్కోవడానికి ఆవిడకి చేతులు రాలేదు. ఇన్నేళ్ళూ ఆ ముసలామె దాన్ని ఆనుకునే నిలబడింది.

"పెద్ద దెబ్బలా?"

"తగ్గిపోతాయిలే."

అబద్ధం ఆడటం ఇంత తేలికా అనిపించింది. అలాగే ఉండిపోయేదేమో. కానీ ఫోను మోగింది. సూపర్వైజరు. పరామర్శ అయిందనిపించి అసలు సంగతికి వచ్చాడు.

"ఎలా ఉన్నాడమ్మా? అయ్యో పాపం. గుండె బలహీనమేమో, మీ నాన్నకి కూడా అంతే కదా. సరే, నువ్వేం దిగులు పడకు. ఇంకో ఇద్దర్ని మాట్లాడాను. గుంట మూత తాళం చెవి ఎక్కడుందో చెప్తే ఇప్పుడే దింపుతాను. గదిలో మీరు వదిలేసిన బక్కెట కూడా చూశారట, వాసన అసలు లేదంటున్నారు."

గేటక్క లేచి నిలబడింది. వరండాలో ఉన్నవాళ్ళందరూ తిరిగి చూసేలా అరిచింది.

"వాసన లేదంటేనే దిగకూడదు! వాళ్ళని ఆ గదిలోంచి బయటికి పంపండి! కంపు ఎక్కువైతే ముక్కు చచ్చిపోతుంది, తర్వాత మనిషి చస్తాడు. నా తమ్ముడు కూడా వాసన పోయింది అనే పడిపోయాడు. మా నాన్న కూడా అదే అన్నాడు, అన్నాకే పోయాడు! గుండె కాదు, మన్నూ కాదు! తాళం నా దగ్గరుంది, ఇవ్వను. ఉద్యోగం తీసేసుకోండి!"

ఫోను పెట్టేసి ఊపిరి తీసుకున్నాక గాని పక్కన ఎవరున్నారో గుర్తు రాలేదు. మెల్లగా తల తిప్పింది.

అమ్మ ఏడవడం లేదు. కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని ఎదురుగా గోడవైపు చూస్తోంది.

"వాడు కూడా అదే మాటన్నాడా?" అని అడిగింది.

"అమ్మా..."

"నవ్వుతూ అన్నాడా?"

గేటక్క తలూపింది. ఇక అబద్ధానికి ఓపిక లేదు.

అమ్మ కొంగుతో కర్ర పిడి తుడిచింది. తర్వాత ఎవరికో దూరంగా ఉన్నవాళ్ళకి చెప్తున్నట్టు మొదలుపెట్టింది. "ఆ రోజు మీ బాబాయి గదిలో లేడు. బయట కుళాయి దగ్గర బక్కెటలు కడుగుతున్నాడు. మీ నాన్న కేక వాడికి వినపడలేదు. నాకే వినపడింది. నేనే బయటికెళ్ళి పిలిచాను. 'మరిదీ, మీ అన్నయ్య రమ్మంటున్నారు, వాసన పోయిందట, భయం లేదు, దిగు' అన్నాను. వాడు అన్నం తిని దిగుతా వదినా అన్నాడు. ముందు పని కానీ అన్నాను."

ఆవిడ గొంతులో ఏ మార్పూ లేదు. అది విని గేటక్కకి గుంట దగ్గర వేసినంత భయం వేసింది. అమ్మ చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది.

"వాడి క్యారియరు నేనే కడిగాను, నిండుగా ఉంది," అంది అమ్మ. "ఆ తర్వాత ఎంతమంది పిల్లలకి ఆ మాట చెప్పానో."

తలుపు తెరుచుకుంది. నర్సు మరదలిని లోపలికి పిలిచింది. కళ్ళు తెరిచాడట. మాట లేదు గాని మనుషుల్ని గుర్తు పడుతున్నాడట. పిల్ల లోపలికి పరిగెత్తింది, అంతే తొందరగా తలుపులోంచి బయటికి తొంగి చూసి "రండత్తయ్యా, వదినా, రండి" అని పిలిచింది. ఆ గొంతులో ప్రాణం ఉంది.

అమ్మ కర్ర ఊతంతో లేచింది. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. లోపలికి అడుగు పెట్టలేదు. తెల్లటి గోడల్నీ, మూసున్న కిటికీనీ, మంచం మీదున్న కొడుకునీ చూసింది. చిన్నపిల్ల అడిగినట్టు కోడల్ని అడిగింది.

"అమ్మాయ్, నీకిక్కడ ఏమన్నా వాసన వస్తోందా?"

మరదలు ముక్కు ఎగబీల్చింది. "మందుల వాసన అత్తయ్యా. చాలా ఘాటుగా ఉంది."

"వస్తోంది కదూ? నిజంగా వస్తోంది కదూ?"

"వస్తోందత్తయ్యా."

"అయితే సరే," అని అమ్మ లోపలికి అడుగు పెట్టింది.